చేబదులుకి గడి లేదు

(రోడ్డు వారగా, పాత బట్టలు సరిచేసి కుట్టే చిన్న గది. మధ్యాహ్నం. కుట్టుమిషను ముందు అక్క, ఎదురుగా స్టూలు మీద తమ్ముడు.)

“చేబదులు అని రాస్తే చెల్లదట అక్కా. లాయరమ్మ కొట్టేసింది, చూడు.”

“ఎందుకు చెల్లదు? అది చేబదులేగా?”

“అప్పు అని ఒక గడి ఉంది. కానుక అని ఒక గడి ఉంది. చేబదులుకి గడి లేదు.”

“లేకపోతే నువ్వు గీసుకో. బిల్లు పుస్తకాలకి రోజూ గళ్ళు గీసి అచ్చేసేవాడివేగా.”

“ఇది దివాలా పిటిషను అక్కా, కోర్టు కాగితం. నా ప్రెస్సులో వేసిన రసీదు పుస్తకం కాదు.”

“అయితే నన్ను అసలు రాయకు. క్రెడిట్ కార్డులు రాశావా?”

“నాలుగూ రాశాను.”

“ప్రెస్సు అద్దె బాకీ?”

“రాశాను. కాగితం రీములు ఇచ్చినవాడికి బాకీ కూడా రాశాను.”

“ఇంకేం మరి. సంతకం పెట్టెయ్. ఐదింటికి ఆవిడ ఆఫీసు మూసేస్తుందన్నావు.”

“ఎవరెవరికి బాకీ ఉన్నానో అందరినీ రాయాలి. ఒక్కరిని దాచినా దొంగ ప్రమాణం చేసినట్టేనట. కోర్టు ఒప్పుకుంటే ఇందులో ఉన్న బాకీలన్నీ రద్దు. అందులో నీదీ పోతుంది.”

“పోతే పోనీ.”

“పోతే పోనీ ఏంటి? అంత తేలిగ్గా?”

“కాస్త పక్కకి జరుగు, వెలుతురికి అడ్డం వస్తున్నావు. దారం ఎక్కట్లేదు.”

“ఇంకోటి కూడా ఉంది. పేరు రాసిన ప్రతివాళ్ళకీ కోర్టు నుంచి కవరు వెళ్తుంది. ఇంటికి.”

“ఏ ఇంటికి?”

“మీ ఇంటికే. ఇంకే ఇంటికి?”

“మీ బావ ఉండే ఇంటికా?”

“బావకి చెప్పలేదా నువ్వు?”

“ఆ దారం రీలు ఇలా అందుకో.”

“అక్కా, ఏడాదిన్నర అయింది! నాకు అంత డబ్బిచ్చి బావకి చెప్పలేదా?”

“ఏమని చెప్పను? పొద్దున్నించి రాత్రి దాకా బస్సు తోలి వచ్చి, కాళ్ళు చాపుకుని కూర్చుంటాడు. మీ బావమరిది మునిగిపోతున్నాడండీ అని ఆ కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పనా? సమయం చూసి చెబుదాం అనుకున్నాను. సమయం రాలేదు.”

“ఏడాదిన్నరలో ఒక్కసారి కూడా రాలేదా?”

“మీ బావ మంచివాడురా. చెడ్డవాడైతే ఎప్పుడో చెప్పేసేదాన్ని.”

“మళ్ళీ గుండుసూదులు నోట్లో పెట్టుకుంటున్నావు. జవాబు చెప్పాల్సి వస్తే చాలు, నోట్లో సూదులు.”

“ఊఁ.”

“ఊఁ కాదు. తియ్యి.”

“తీశాను. చెప్పు. మరదలు ఏమంటోంది?”

“పెట్టేయమంటోంది. అది నాతో మాట్లాడి వారమైంది. పెట్టెయ్ అన్న ఒక్క మాట మాత్రం పొద్దున అంది.”

“అదీ అంటోంది, నేనూ అంటున్నాను, చదువుకున్న లాయరమ్మా అంటోంది. ముగ్గురు ఆడవాళ్ళం ఒక్కమాట మీద ఉన్నామంటే అది మంచిదే అయ్యుంటుంది. పెట్టు.”

“నీకు నవ్వులాటగా ఉంది. రేపు వీధిలో అంతా ఏమనుకుంటారు? ప్రెస్సువాడు దివాలా తీశాడు అనరా?”

“నిండా మునిగినవాడికి చలేంట్రా? ఇప్పుడు ఏమనుకుంటున్నారనుకున్నావు?”

“ఏమనుకుంటున్నారు?”

“ఊరందరికీ పెళ్ళికార్డులు వేసిచ్చేవాడు కార్డుల్లో పడి పోయాడు అంటున్నారు. ఎదురుగా ఉన్న మందుల షాపాయన అన్నాడు. నాకే నవ్వొచ్చింది, తర్వాత ఇంటికెళ్ళి ఏడ్చాను.”

“అక్కా…”

“అసలు నాకు అర్థం కానిది ఒకటి. అక్షరం అక్షరం కూర్చుకుని బతికేవాడివి. వాళ్ళు పంపిన కాగితం చదవలేదా?”

“చదివాను. ‘కనీసం ఇంత కట్టండి’ అని పెద్దక్షరాల్లో ఉంది. అది కట్టాను. కట్టేశాను కదా అనుకున్నాను. ప్రతి నెలా కట్టేశాను కదా అనుకున్నాను! మిగిలింది అలాగే ఉండి వడ్డీ మీద వడ్డీ పెరుగుతుందని కింద సన్నక్షరాల్లో ఉందట. సన్నక్షరాలు అచ్చెయ్యడంలో నా అంతవాడు లేడని నాకు పేరు. నాకే కనపడలేదు.”

“ఊరుకో.”

“మొదటి కార్డు మిషను రోలరు కోసం తీశాను. అది తప్పా? రోలరు లేకపోతే పని లేదు. రెండోది అద్దె కోసం. మూడోది మొదటిదానికి కట్టడానికి, నాలుగోది మూడోదాని నోట్లో పెట్టడానికి. తిన్నది లేదు, తాగింది లేదు. ఒక్క సినిమాకి వెళ్ళలేదు.”

“నాకు తెలుసు.”

“లాయరమ్మ అడిగింది, ఏం కొన్నారు ఇంత డబ్బుతో అని. చెప్పడానికి ఏమీ లేదు అక్కా. చూపించడానికి ఒక కుర్చీ కూడా లేదు.”

“అమ్మా, నిన్న కుట్టడానికిచ్చిన నా ప్యాంటు అయిందా?”

“అయింది బాబూ, ఇదిగో. కాళ్ళ దగ్గర రెండు వేళ్ళు తగ్గించాను. నడుము దగ్గర మడత లోపలే ఉంచాను, లావెక్కితే విప్పుకోవచ్చు.”

“థాంక్సండీ. కార్డు తీసుకుంటారా?”

“ఆ మాట ఎత్తకు బాబూ. చిల్లర లేకపోతే రేపు ఇవ్వు.”

“లేదు లేదు, ఉందండీ. తీసుకోండి. వస్తాను.”

“మంచిది… ఒరేయ్, నవ్వుతున్నావా ఏడుస్తున్నావా?”

“రెండూ.”

“మొహం తుడుచుకో. ఆ గుడ్డ కాదు, అది సుద్దపొడి గుడ్డ. ఇది తీసుకో.”

“అక్కా, నిన్న ఏం జరిగిందో తెలుసా? ఫోను మోగింది. బ్యాంకు వాళ్ళే. నేను ఎత్తలేదు. పాప పరిగెత్తుకొచ్చి ఎత్తింది. నేను సైగ కూడా చెయ్యలేదు. ‘నాన్న ఊరెళ్ళాడండీ, ఫోను ఇంట్లో మర్చిపోయాడండీ’ అంది. ఆరేళ్ళది. నా మొహం చూస్తూనే అంది. పెట్టేసి, ‘బాగా చెప్పానా నాన్నా’ అంది.”

“అయ్యో.”

“ఏమనాలి నేను? బాగా చెప్పావమ్మా అన్నాను.”

“అలా అన్నావా?”

“బాగా చెప్పావమ్మా అన్నాను అక్కా.”

“అందుకే. అందుకే పెట్టమంటున్నాను. ఇది సిగ్గు కాదురా. కోర్టులో జడ్జి ముందు నిలబడి, నా వల్ల కాలేదండీ, ఇదీ నా దగ్గరున్నది, ఇంతే అని చెప్పడం. పాప చేత అబద్ధం చెప్పించడం కంటే అది నయం కాదూ?”

“పెద్ద మిషను తీసుకుపోతారట.”

“కాగితం కత్తిరించేది?”

“అది ఉంచుతారట. చేతిపని సామాను ఉంచుతారట.”

“మరింకేం? కత్తెర ఉన్నవాడు బతుకుతాడు. నన్ను చూడు.”

“నిన్ను చూసే ఆగిపోయాను అక్కా! నాలుగు బ్యాంకుల వాళ్ళు బతికిపోతారు. వాళ్ళకి నేనొక అంకెని. నువ్వు? ప్యాంటు కాళ్ళు మడిచి, జిప్పులు మార్చి, నీ చేతివేళ్ళు చూసుకున్నావా? ఆ డబ్బు ఎన్ని ప్యాంట్లు?”

“నేను లెక్కపెట్టలేదు.”

“నేను లెక్కపెట్టాను. నీ డబ్బు ఒక్కటి తీర్చి ఆ తర్వాత పెడతానని లాయరమ్మకి చెప్పాను.”

“ఏమంది?”

“తిట్టింది. ఇప్పుడు మీ అక్కకి ఒక్కదానికే కడితే కోర్టు వెనక్కి లాగుతుంది, మీ అక్క వాకిట్లోకే వచ్చి అడుగుతుంది అంది.”

“చూశావా. ఆవిడ గౌను చేతులు సరిచేయించుకోడానికి వచ్చినప్పుడే అనుకున్నాను, చురుకైన మనిషి అని. చెప్పినట్టు విను. కానుక గడిలో రాసెయ్.”

“రాయొచ్చు. కానుకైతే బాకీ కాదు. కవరు రాదు, బావకి తెలియదు.”

“మరి ఇందాకటి నుంచీ ఈ రామాయణం ఎందుకురా? ముందే చెప్పొచ్చుగా!”

“నువ్వు సంతకం పెట్టాలి. ఇదిగో, ఇంకో కాగితం ఇచ్చింది. ‘ఈ డబ్బు నా సొంత డబ్బు, నేను ఇష్టపూర్వకంగా ఇచ్చాను, తిరిగి తీసుకోవాలన్న ఉద్దేశం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు, ఎప్పటికీ అడగను.’ కింద నీ పేరు.”

“ఇటివ్వు. పెన్ను.”

“ఇదిగో.”

“కళ్ళద్దాలు ఎక్కడ పెట్టానో…”

“నెత్తి మీదే ఉన్నాయి.”

“ఆఁ. ఇక్కడేనా? ఈ గీత మీదేనా?”

“అక్కడే. అక్కా, పెన్ను తెరవలేదు నువ్వు.”

“తెరుస్తాను. తొందరేంటి. చదవనీ. ‘ఎప్పటికీ’ అని రాసిందేంటి? ఎప్పటికీ అన్న మాట కొట్టెయ్యకూడదా?”

“ఎందుకు కొట్టెయ్యాలి?”

“ఊరికే. ఎప్పటికీ అంటే పెద్ద మాట కదా.”

“ఇందాక పోతే పోనీ అన్నావు.”

“అన్నాను. ఎవరు కాదన్నారు?”

“అక్కా, నీకు ఆ డబ్బు కావాలా?”

“నాకెందుకురా డబ్బు?”

“అయితే పెట్టు సంతకం.”

“పెడతాను. ముందు ఈ జేబు కుట్టేసి పెడతాను. సాయంత్రం వస్తానన్నాడు ఆయన.”

“సూదులు నోట్లో పెట్టుకోకు. నన్ను చూడు. నువ్వు డబ్బిచ్చిన రోజు, బ్యాంకు వసూలువాళ్ళిద్దరు నా ప్రెస్సులోకి వచ్చి కూర్చున్నారు. పుస్తకాల షాపు ఓనరు ముందు, కాలేజీవాళ్ళ ముందు. డబ్బు పెడితే గాని లేవం అన్నారు. పొద్దున పదింటికి నీకు ఫోను చేశాను. మధ్యాహ్నానికి తెచ్చావు. గుడ్డ సంచిలో. అప్పుడు నాకు ఏడుపు తప్ప ఇంకేమీ తోచలేదు. తర్వాత తోచింది. రెండు గంటల్లో అంత డబ్బు ఎక్కడిది నీకు?”

“దాచుకున్నాను.”

“మొన్న చీటీ ఎత్తానన్నావు.”

“చీటీ ఎత్తి దాచుకున్నాను.”

“అంతకు ముందు గాజులు అమ్మానన్నావు. గాజులు చేతికే ఉన్నాయి.”

“నువ్వు ప్రెస్సువాడివా, పోలీసువా?”

“నా మీద ఒట్టేసి చెప్పు, అది నీ సొంత డబ్బేనని. నా నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పు. సంతకం కూడా అక్కర్లేదు.”

“నీ మీద వెయ్యను.”

“ఎందుకు?”

“అమ్మ పోయినప్పుడు నీకు తొమ్మిదేళ్ళు. అప్పటి నుంచీ పెంచాను, నీ మీద ఏనాడూ ఒట్టు వెయ్యలేదు. ఇప్పుడు వేస్తానా? అదీ…”

“అదీ?”

“అదీ అబద్ధానికి.”

“అబద్ధానికా?”

“అలా చూడకురా. ఆ డబ్బు నాది కాదు.”

“ఎవరిది? బావదా? బావకి తెలియకుండా తీశావా?”

“ఛీ ఛీ. మీ బావ డబ్బు నేను ముట్టుకుంటానా?”

“మరి ఎవరి దగ్గర అడిగావు?”

“ఎవరినీ అడగలేదు. అడగాల్సిన పని లేకుండానే వచ్చింది. ఎప్పుడో నాలుగేళ్ళ కింద పోస్టులో ఒక కార్డు వచ్చింది, నా పేరు మీద. నేను రోజూ బ్యాంకులో నాలుగు రాళ్ళు వేస్తానుగా, మంచి ఖాతాదారువి అని పంపారు. నాకెందుకు అని గుండీల డబ్బాలో పడేశాను. అంచు తిన్నగా ఉందని, బట్ట మీద గీత గీసుకోడానికి వాడేదాన్ని. ఇక్కడ, ఇలా పెట్టి, సుద్దతో.”

“అక్కా…”

“ఆ రోజు నువ్వు ఫోనులో ఏడ్చావు. నువ్వు అలా ఏడవడం నేను ఎప్పుడూ వినలేదు. కార్డు కడిగాను. సుద్దపొడి పోయేదాకా కడిగి, మూల మీదున్న డబ్బుల మిషను దగ్గరికి వెళ్ళి, ఎంత వస్తే అంత తీశాను.”

“మిషనులోంచా? నోట్లు తీశావా? అక్కా, అలా తీస్తే…”

“ఆ రోజు నుంచే వడ్డీ అని ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియదు. నీకే తెలియలేదు, నాకేం తెలుసు?”

“ఏ బ్యాంకు?”

“ఏ బ్యాంకైతే ఏంలే.”

“ఏ బ్యాంకు అక్కా?”

“నీ ప్రెస్సులో వచ్చి కూర్చున్నవాళ్ళదే.”

“వాళ్ళ డబ్బే తెచ్చి… వాళ్ళకే కట్టామా మనం?”

“వాళ్ళ ఎడమ చేతిలోంచి తీసి కుడి చేతిలో పెట్టాం. మధ్యలో వడ్డీ ఒక్కటే మనది.”

“ఈ ఏడాదిన్నర ఎలా కట్టావు?”

“నీలాగే. కనీసం ఇంత కట్టండి అని ఉందిగా. నువ్వూ అదే కట్టేవాడివని నాకేం తెలుసు? జిప్పుల డబ్బులన్నీ దానికే. మూడు నెలల నుంచి అదీ కట్టట్లేదు. నాక్కూడా ఫోన్లు వస్తున్నాయి. మీ బావ ఇంట్లో ఉన్నప్పుడు ఫోను బియ్యం డబ్బాలో పెడుతున్నాను.”

“నాతో ఎందుకు చెప్పలేదు?”

“కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందిరా. ఎవరితో చెప్పను? నీతో చెబితే నువ్వు ఇంకో కార్డు తీసేవాడివి.”

“తీసేవాణ్ణి.”

“తెలుసు.”

“చింపెయ్ ఆ కాగితం. ఇది కూడా చింపెయ్. దివాలా లేదు, ఏమీ లేదు. నేను ముందు నీది కడతాను. మిషను అమ్మేస్తాను. ఎక్కడైనా కూలికి కుదురుకుంటాను. నీది తీరేదాకా ఇంకెవడికీ పైసా ఇవ్వను.”

“ఇవ్వనంటే వాళ్ళు ఊరుకుంటారా? మిషను అమ్మనిస్తారా? రేపు మళ్ళీ వచ్చి ప్రెస్సులో కూర్చుంటారు. నువ్వు నాకు తేవాల్సింది దారిలోనే లాక్కుంటారు. నెలంతా అచ్చేస్తే నాలుగు నోళ్ళకి చాలట్లేదు, ఐదో నోరు ఎక్కడ పెడతావు?”

“అలా అని నిన్ను ఇలా వదిలేసి, నేనొక్కణ్ణి చేతులు దులుపుకుని బయటపడనా? నాకు మొహం చెల్లుతుందా? నా వల్ల కాదు అక్కా. నన్ను పెట్టమనకు. నా మంచి కోసమేనని నాకు తెలుసు. ఎప్పుడూ నా మంచే చూస్తావు. ఈ ఒక్కసారికి నా మంచి చూడకు.”

“చూడట్లేదురా.”

“ఏంటి?”

“కూర్చో. వెళ్ళకు, కూర్చో. నా పేరు రాయి. అప్పు గడిలోనే రాయి, అది అప్పే. కవరు రానీ. మీ బావకి ఈ రాత్రే నేను చెబుతాను, కాళ్ళ దగ్గర కూర్చుని చెబుతాను. కోర్టు నా బాకీ కూడా కొట్టేస్తే కొట్టెయ్యనీ. కొట్టేసిన తర్వాత తమ్ముడు అక్కకి చేతిలో పెడితే కోర్టు అడ్డం రాదట. లాయరమ్మని అడిగాను.”

“ఎప్పుడు అడిగావు? నువ్వు ఆవిణ్ణి కలిశావా?”

“నీకు ఆవిడ నంబరు ఇవ్వకముందే. నాకు దారి ఉందా అని అడిగాను. నేను పెడితే మీ బావ ఇల్లు కూడా లెక్కలోకి వస్తుందట, మా ఇద్దరి పేరు మీద ఉంది కాబట్టి. నాకు దారి లేదు. నీ నాలుగూ తెగితేనే నీ చేతిలో ఏమైనా మిగులుతుంది. ఆ మిగిలిందే నాకు దారి. అడక్కూడదు అనుకున్నానురా. నీ మంచికే అని చెప్పి పెట్టించేద్దాం అనుకున్నాను. ఆ కానుక కాగితం నా చేతిలో పెట్టావు చూడు, అప్పుడు చెయ్యి రాలేదు.”

“అక్కా, ఏడవకు. నువ్వు ఏడిస్తే నేను చూడలేను.”

“మూడు నెలలైంది. తమ్ముడు ఎప్పుడు దివాలా తీస్తాడా అని రోజూ ఎదురుచూస్తున్నాను. నీ కోసం కాదు, నా కోసం పెట్టరా.”